ఐదో తొక్కుడు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, పక్క సీటు మనిషి పాదాలు నేలను వరుసగా తొక్కి ఒకచోట ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

"డ్రైవర్ మీద నమ్మకం లేదా అన్నా?" అన్నాను.

నవ్వాడు. "బ్రేకు కాదప్పా, మగ్గం. దుప్పట్లో డిజైను పడాలంటే మగ్గం కింద కాళ్లతో తొక్కే నాలుగు కర్రల్ని ఎనిమిది తడవలు వరుసగా తొక్కాల. ముప్పై ఏండ్లు కాళ్లే తొక్కినాయి. ఇప్పుడు ఐదో తడవకు ఏ కర్రో గురుతు రాదు."

అనుమానం, నిద్ర పట్టక మొదలుపెట్టిన మాత్రల మీదేనట. డాక్టరు నెల రోజులకే రాసిచ్చాడు. ఆ మత్తు బాగుందని ఈయన రెండేళ్లుగా చీటీ లేకుండా కొని, కల్లుతో కలిపి వేసుకుంటున్నాడు.

"కల్లంగడికి దోవ మాత్రం మర్చిపోలేదప్పా ఈ మనిషి," అంది కిటికీ పక్కనున్న భార్య.

ఆదోనిలో మరో డాక్టరుకు చూపించుకుని వస్తున్నారు. ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, కొంచెం కొంచెంగా తగ్గించమన్నాడట.

"మెదడే సెడిపోయిందా, ఇదంతా మాత్ర మత్తేనా సారూ అని అడిగినా. మానినాక గానీ సెప్పలేనన్నాడు," అన్నాడాయన.

ఎమ్మిగనూరులో ఇద్దరూ దిగిపోయారు. మాత్రలు పూర్తిగా మానడానికి ఇంకా నాలుగైదు నెలలు పడుతుందట. మరిచిన వరుస ఆ తర్వాతైనా తిరిగి వస్తుందో లేదో డాక్టరుకూ తెలియదు.