నానమ్మ కొంగుకు అంటిన కుంకుమ

నా చిన్నప్పుడు బోనాలంటే మాకు కొత్త బట్టలు, డప్పుల మోత. నాకు పదేళ్లప్పుడు మాత్రం ఆ పండగ ఆసుపత్రి గుమ్మం దగ్గర గడిచింది. మా తమ్ముడికి రక్త క్యాన్సర్. మందుల ధాటికి వాడి ఒంట్లో రోగాలను తట్టుకునే శక్తి అడుగంటింది, ఇప్పుడు జ్వరం తగిలితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. అది తగలకుండా చూడటం మన చేతుల్లోని పని అన్నాడు: సబ్బు, కాచిన నీళ్లు, అప్పుడే వండిన తిండి.

మా నానమ్మ మొండిది. అమ్మవారికి పెట్టిన అన్నం ఒక్క బుక్క తింటే మనవడు లేచి తిరుగుతాడని ఆవిడ నమ్మకం. పొద్దున వండిన ఆ ప్రసాదం డబ్బాలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని లాల్‌దర్వాజా గుడి నుంచి నేరుగా వార్డుకొచ్చింది. గుమ్మం దగ్గర సబ్బుతో శుభ్రంగా చేతులు కడుక్కుంది. అలవాటు కొద్దీ కొంగుకు తుడుచుకుంది.

వార్డు ఆయమ్మ అది చూసింది. మామూలుగా గొంతు పెద్దదే గాని ఆ రోజు అరవలేదు. తెల్లటి దూది ముక్క నానమ్మ అరచేతిలో పెట్టి, "జర గట్టిగ పట్టుకో అవ్వా" అంది. తీసి చూస్తే దూది ఎర్రగా ఉంది.

నానమ్మకు రోషమొచ్చింది. "అమ్మోరి కుంకుమ గది. గదేమన్న మైలనా?"

"కుంకుమ మైల కాదవ్వా. గా కొంగు బస్సు సీటు మీద పడ్డది, గుడి మెట్ల మీద పడ్డది. కుంకుమైతే కండ్లకు కనవడ్డది. మిగిలింది ఎట్ల కనవడ్తది?"

లోపల మంచం మీద తమ్ముడు డబ్బా చూసి, "నానమ్మా, నాకు పెట్టవా" అంటూ చేతులు చాచాడు. వాడు అడిగితే లేదనడం ఆవిడకు అంతవరకు తెలియదు. "గిది పొద్దుగాల వండింది, నీకొద్దు బిడ్డా" అని డబ్బా నా చేతికిచ్చి, కొంగు నడుముకు బిగించి, చేతులు మళ్లీ కడుక్కుంది. తడి ఆరేదాకా వాటిని గాలిలో పట్టుకుని నిలబడింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆవిడ చెంపల మీద నీళ్లు కారుతున్నా చేతులు దించలేదు.

మర్నాటి నుంచి ఆ గుమ్మానికి కాపలా ఆవిడే. జలుబుతో వచ్చిన మా మేనమామను మొహం మీదే వెనక్కి పంపింది. ఆయన అలిగాడు. "అలిగితే అలగనీ, తర్వాత బతిమాలుకుందం. ముందుగాల పోరడు దక్కాలె" అంది.

తమ్ముడు దక్కాడు. డాక్టర్ల పుణ్యం ఎంతో, ఆ కాపలా పుణ్యం ఎంతో నేను చెప్పలేను. ఇప్పటికీ మా ఇంట్లో రోగిని చూడటానికి ఎంత పెద్దవాళ్లొచ్చినా ముందు కుళాయి చూపిస్తాను. గయ్యాళి అంటారు. అననీ. ఏడుస్తూ అడిగే బిడ్డకు లేదనడానికి ఎంత ప్రేమ కావాలో నేను కళ్లారా చూశాను.