పదకొండో పూస

నా చిన్నప్పుడు బడికీ నాకూ ఐదో తరగతిలోనే చెడింది గానీ, ఎదుటివాళ్లను ఆటపట్టించడంలో మాత్రం నేనే ఫస్టు. మాదాపూర్‌లో గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. మా పక్క గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన జంట కిరాయికి ఉండేవారు, వాళ్లను అక్కా, బావా అనేదాన్ని. బావ ఏళ్ల తరబడి బండలకు డ్రిల్లు పట్టినవాడు. ఆ రాతిదుమ్మంతా ఛాతీలో చేరి మంచం పట్టాడు. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

అక్క రంగురాళ్లతో జపమాలలు అల్లి చర్చి దగ్గర అమ్మేది. ఆ వారం అల్లుతున్నది మాత్రం బావకే. మంచి చావు కోసం వాళ్లు ఏసును పెంచిన తండ్రి పునీత జోజప్పను వేడుకుంటారట. ఆయన బొమ్మ ఉన్న చిన్న బిళ్ల పెట్టి ఊదారంగు రాళ్లతో మాల కడుతోంది. బతికుండగా బావ దాని మీద జపం చేసుకోవాలి, పోయాక అదే చేతికి చుట్టి మట్టిచేయాలి.

పూసకో జపం. పది చిన్న పూసలు, ఒక పెద్ద పూస, మళ్లీ పది. పదేసి లెక్కపెట్టి గిన్నెలో వేయడం నా పని. బావ దగ్గినప్పుడల్లా అక్క పట్టుకారు ఆగిపోయేది, కళ్లు మంచం వైపే. నాకో కొంటెబుద్ధి పుట్టి ఒకసారి పదకొండు వేశాను. కనిపెట్టి తిడుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నాను. ఆమె లెక్కే చూడలేదు, తీగ మెలితిప్పి బిగించేసింది. ఆ తర్వాత చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాల చేతికొచ్చాక బావ ఒక్కో జపానికి రెండు మూడు సార్లు ఊపిరి తీసుకుంటూ పూసలు జరుపుతున్నాడు. మూడో వరసలో వేలు ఆగింది. వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే తడిమి, నా వైపు చూశాడు. అక్క ఏమైందని అడిగితే ఆయాసంగా ఉందన్నాడు, అంతే.

మర్నాడు అక్క నీళ్లకు వెళ్లినప్పుడు దగ్గరికి పిలిచాడు.

“అది నువ్వేసిందేగా, అమ్మాయ్?”

తల ఊపాను.

“దాని మీద నీ కోసం ఓ జపం చదువుతున్నాలే. మీ అక్కకు చెప్పమాక, విప్పి మళ్లీ కడతా కూర్చుంటది. నాకంత టైము లేదు.” కాసేపు దగ్గాడు. “నవ్వించొద్దని కాదు. ముందు ఎదుటోడికి ఊపిరుందో లేదో చూసుకో.”

నాలుగో రోజు పొద్దున పోయాడు. మాల వేళ్లకు చుడుతూ అక్క, పూసలన్నీ ఈ పిల్లే లెక్కపెట్టి ఇచ్చిందని వచ్చినవాళ్లకు చెప్పింది. మా అమ్మ నా తల నిమిరింది.

“ఒక్క పనన్న సక్కగ చేసినవ్ బిడ్డా.”

ఇప్పటికీ నేనున్న చోట నవ్వులుంటాయి. కానీ మాట విసిరే ముందు ఎదుటివాళ్ల ముఖం కన్నా ముందు ఛాతీ వైపు చూస్తాను. బావకు మిగిలిన కాస్త ఊపిరిలో కొంత నా పేరున పోయింది. ఆ సంగతి అక్కకు ఇవాళ్టికీ చెప్పలేదు.