గంగులు బాబాయ్ గురుతు

నాకు సముద్రమంటే భయం. మాది గరివిడి దగ్గర పల్లె, వరి, నువ్వులు పండించుకునే ఇల్లు. ఈత రాదు. కాలేజీలో జువాలజీ చెబుతాను కాబట్టి తాబేళ్ళ గురించి గంటసేపు మాట్లాడగలను, అంతే. అలాంటిదాన్ని కిందటి ఫిబ్రవరిలో రెండు రోజులు తెరచాప పడవలో కూర్చున్నానంటే తప్పంతా నాదే. ఎవర్నీ అనడానికి లేదు.

ఆ ఏడాది కళింగపట్నం ఒడ్డుకు చచ్చిన తాబేళ్ళు చాలా కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కుకుని, ఊపిరికోసం పైకి రాలేక చచ్చినవి. చిరిగిన వలలు సముద్రంలో పారేయొద్దని, చిక్కిన తాబేలును విడిచిపెట్టమని ఊరూరా చెబుదామంటే మీటింగుకు జనం రారు. వచ్చినవాళ్ళు టిఫిన్ పొట్లం అయ్యేదాకా ఉంటారు. ఇంజన్ లేకుండా గాలితోనే వెళ్తే, తెరచాప చూడ్డానికైనా ఊరంతా ఒడ్డుకు వస్తుందని నాకు తట్టింది. కళింగపట్నం నుంచి విజయనగరం జిల్లా చింతపల్లి దాకా. తట్టినప్పుడు గొప్పగానే ఉంది.

తెరచాప నడపడం వచ్చిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. గంగులు బాబాయ్. ఊరందరికీ బాబాయే. అరవై నాలుగేళ్ళు. పన్నెండో ఏట తండ్రి వెనక పడవెక్కాడు. అందరూ ఇంజన్లు పెడితే తనూ పెట్టాడు గానీ దాన్ని ఇంజన్ అనడు, ‘ఆ గోల’ అంటాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. నేను అడగ్గానే ఒప్పుకుని, అటక మీది తెరచాప దించి ఎలుకలు కొట్టిన చోటల్లా తనే కుట్టుకున్నాడు. భార్య అమ్మడు మాత్రం నన్ను దులిపేసింది.

“సదువుకున్నదానివి, నీకేటి పిచ్చమ్మా? ఆ ముసిలోడికి ఎలాగూ బుద్ది నేదు. నాను ఒడ్డమ్మట ఆటోలో వస్తాను. ఏ ఊరికాడ మునిగిపోతే ఆ ఊరికాడ కూకుని ఏడుస్తాను.”

అన్నట్టే ఆటో ఎక్కింది. ఊరూరా ఎండుచేపలు అమ్ముకునే మనిషికి ఆ దారంతా కొట్టిన పిండి.

పడవలో ముగ్గురం. చుక్కాని దగ్గర బాబాయ్, ముందు కొసన అతని అల్లుడు వెంకీ, మధ్యలో తెరచాప స్తంభాన్ని కావిలించుకుని నేను. వెంకీకి దారి చూపే మిషనుంది. “గాలి పడవకి మిసనెందుకురా?” అని బాబాయ్ దాన్ని ఇంట్లోనే పెట్టించాడు. మొదటి రోజు బుడగట్లపాలెం చేరేసరికి నా కడుపులో ఏమీ మిగల్లేదు. జనం మాత్రం నిజంగానే వచ్చారు. ముసలివాళ్ళు తెరచాపను ముట్టుకుని చూశారు. నా మాటలు విన్నారు కూడా. తాబేలు ఎంత దూరం తిరిగినా పుట్టిన ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడుతుందని చెబుతుంటే బాబాయ్ కూడా ఇసకలో గొంతుక్కూర్చుని విన్నాడు.

రెండో రోజు పొద్దున్న ఎండ వచ్చినా మంచు విడలేదు. చింతపల్లి ముందర, ఒడ్డుకు దూరంగా, నీటి కింద రాళ్ళున్నాయి. పైకి కనపడవు. వాటిని ఎలా తప్పించుకుంటావని నేను పదిసార్లు అడిగి ఉంటాను. పదోసారికి విసుక్కుంటూ చెప్పాడు.

“ఒడ్డున రెండు మూపుల కొండ ఉన్నాది. రెండు మూపులూ ఏరేరుగా అగుపిస్తే రాళ్ళు ఇంకా ముందరున్నట్టు. ఒకదానెనక ఒకటి దాగిపోయి ఒక్కటే అగుపిస్తే రాళ్ళు దాటేసినట్టు. అప్పుడు ఒడ్డుకి తిప్పాల. మా అయ్య సెప్పిన గురుతు. ఇరవై రెండేళ్ళయినాది ఇటొచ్చి, అయినా మర్సిపోతానా?”

కాసేపటికి మంచులోంచి కొండ బయటపడింది. ఒక్కటే మూపు.

“దాటేసినాం” అని బాబాయ్ చుక్కాని తిప్పాడు. పడవ ఒడ్డువైపు వాలి పరుగందుకుంది. నేను ఆ రెండు రోజుల్లో మొదటిసారి స్తంభం మీంచి ఒక చెయ్యి తీశాను.

“మావా! నీళ్ళు రంగు మారినాయి!” వెంకీ లేచి నిలబడి అరిచాడు. “తెల్లగా పొంగతన్నాది! మావా, రాళ్ళు! దించీ, సాప దించీ!”

బాబాయ్ కొండవైపు చూశాడు, నీళ్ళవైపు చూశాడు, మళ్ళీ కొండవైపు చూశాడు. కదల్లేదు. నాకు రాళ్ళకంటే ఆ చూపుకే ఎక్కువ భయం వేసింది. ఆ పడవలో భయం లేని మనిషి అతనొక్కడే. అతనికీ తెలియకపోతే ఇంక మాకు తెలిసేది ఏముంది? వెంకీ తాడు కోసేశాడు. తెరచాప నా మీద కూలింది. ఆ తడి గుడ్డ కింద చీకట్లో, పడవ అడుగు దేన్నో గీరుకుంటున్న చప్పుడు విన్నాను. మా అమ్మను పిలిచాను, ఏడుకొండలవాణ్ణి పిలిచాను. ఎవరికి ముందు చెప్పుకున్నానో గుర్తు లేదు.

నేను పైకి వచ్చేసరికి ఇద్దరూ తెడ్లు వేస్తున్నారు. ఇల్లంత దూరంలో నీళ్ళు లేచి విరుగుతున్నాయి. మధ్యలో నల్లటి రాయి ఒకసారి కనిపించి మునిగింది. వెనక్కి, పక్కకి, మళ్ళీ వెనక్కి లాగారు. అలా ఎంతసేపు లాగారో నాకు తెలియదు. లోతు నీళ్ళలో పడ్డాక బాబాయ్ తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అది నా కొండ కాదు” అన్నాడు.

వెంకీ నీళ్ళు చూసి చెబుతుంటే, మెల్లగా మధ్యాహ్నానికి చింతపల్లి ఒడ్డు చేరాం. బాబాయ్ వేళ్ళు చుక్కానిని వదల్లేదు. అమ్మడు మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి ఒక్కొక్క వేలూ విడదీసింది. సంగతి విని నుదురు కొట్టుకుంది.

“ఓలమ్మో! ఆ రెండో మూపు ఎప్పుడో తవ్వీసినారు కదయ్యా! రోడ్డుకి కంకరకోసరం. ఆరేళ్ళ బట్టి నాను సూస్తనే ఉన్నాను. నువ్వు అడగనేదు, నాను సెప్పనేదు. కొండతోటి నీకు పనేటని!”

ఒడ్డున రెండొందల మంది ఉన్నారు. కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. ముందు నేను మాట్లాడాలి. నేనింకా ఇసకలోనే కూలబడి ఉన్నాను. బాబాయే మైకు పుచ్చుకున్నాడు.

“నాకివాళ బయమేసినాది. బయమంటే ఏటో ఇవాళే తెలిసినాది. అన్నేళ్ళ గురుతు, తీసేసినారని నాకు తెల్దు. తాబేలు కూడా పుట్టిన ఒడ్డుని గురుతెట్టుకుని వస్తాదని ఈ మేడం సెప్పినాది. మనం వల అడ్డమేస్తన్నాం, ఒడ్డు మార్సేస్తన్నాం. అది మాత్రం గురుతే నమ్ముకుని వస్తాది. నాకైతే ముందర ఎంకిగాడు కూకున్నాడు, అరిసినాడు. దానికి ఎవులు అరుస్తారు?”

నా ఉపన్యాసం కాగితాలు నేను బయటికి తియ్యలేదు.