ఆటోలో పద్నాలుగు మంది

మా ఆవిడ పోయాక పెళ్లి పత్రికల పని మానేసి, నరసరావుపేటలో ఒక ఆస్పత్రిలో చేరాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రోగులకు తెలిసేలా కాగితాలు, ఫోన్లోకి పంపే బొమ్మలు తయారుచేయడం నా పని. షుగరు కాగితంలో పొద్దుటి మాత్ర పక్కన సూర్యుణ్ణి, రాత్రి మాత్ర పక్కన చంద్రుణ్ణి పెట్టాను. ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేమనుకున్నాను.

మిరప కోతలకు వెళ్లే ఒకావిడ చేలో కళ్లు తిరిగి పడిపోయింది. షుగరు బాగా దిగిపోయిందట. తేరుకున్నాక డాక్టరుగారు ఆమెను నా గదికి పంపారు. మాత్రలు సరిగ్గా వేసుకుని, షుగరు కుదిరేదాకా కోతకు వెళ్లొద్దన్నారు. ఆమెకు అదే దిగులు.

"కాగితంలో ఉన్నట్టే ఏసుకున్నా తమ్ముడూ," అంది. "చీకటితో లేస్తే నెత్తిన చంద్రుడు. ఆ మాత్ర ఏసుకున్నా. చేలోకి పోయినాక ఎండెక్కింది. సూర్యుడి మాత్ర ఏసుకున్నా. నా తప్పేంది?"

తప్పు ఆమెది కాదు. నేను ఎండ వచ్చాక లేచే మనిషిని. రాత్రి మాత్ర తెల్లారుజామునే పడింది, రెండోది కొద్ది గంటలకే.

"పొద్దున మొదట తినేదెప్పుడక్కా?"

"ఆటో వచ్చేలోపు నాలుగు ముద్దలు."

"రాత్రి?"

"తిని మంచమెక్కుతా. ఇంకేం చేస్తా, డాన్సు చేస్తానా?"

సూర్యచంద్రుల్ని తీసేశాను. ఒక మాత్ర, దాని తర్వాత కంచం, ఆటో; ఇంకో మాత్ర, దాని తర్వాత కంచం, మంచం గీసి చూపించాను. ఆమె నవ్వింది.

"ఇదేం ఆటో తమ్ముడూ! ఇందులో ముగ్గురే పడతారు. మేం పద్నాలుగు మందిమి."

ఆమె చెబుతుంటే మళ్లీ గీశాను. డ్రైవరుకు చెరోపక్క ఒకరు, లోపల ఇరుక్కుని ఎనిమిది మంది, వెనక కాళ్లు బయటికి వేలాడేసి నలుగురు, పైన క్యారేజీల సంచులు. "ఆ చివరిది మా కూలీల ముఠా మేస్త్రమ్మ. ఇంకొంచెం లావు చెయ్." చేశాను. ఆ గదిలో అంత నవ్వు అంతకుముందు లేదు. అందులో సగం నాది.

చప్పుడు విని డాక్టరుగారు లోపలికొచ్చారు. కాగితం ఆమె చేతికిచ్చి చెప్పమన్నారు.

"ఆటో ఎక్కేముందు తినే కంచానికి ముందు ఒకటి. మంచమెక్కేముందు తినే కంచానికి ముందు ఇంకోటి. చేలో ఏ మాత్రా లేదు. కళ్లు తిరిగితే పంచదార. ఇంక పోనా?"

"వారం ఆగు," అన్నారు.

వారం తర్వాత షుగరు కుదిరింది. "రేపట్నుంచి పో," అన్నారు డాక్టరుగారు. ఆమె మెట్లు దిగకముందే మేస్త్రమ్మకు ఫోను చేసింది.

"ఏమే, రేపు నేనొస్తన్నా. నేను కోసే మిరప సాలు ఎవత్తెకీ ఇయ్యమాక!"