ఊరికే కుట్టే అత్తయ్య

ఆ వీధిలో ఎవరి చొక్కా చంక చిరిగినా, ఎవరి పిల్ల గౌను పొట్టిదైపోయినా కాళ్ళు ఒకే ఇంటి వైపు నడిచేవి. మెట్ల కింద గది. అందులో కాళ్ళతో తొక్కే కుట్టుమిషను. దాని వెనక ఒక మనిషి. పిల్లలు అత్తయ్య అన్నారు, వాళ్ళ తల్లులూ అలాగే పిలిచారు, చివరికి ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా కుట్టత్తయ్య అనేశారు. బిరుదులివ్వడానికి పైసా ఖర్చు లేదు కనక ఆ విషయంలో వీధి చెయ్యి ఎప్పుడూ పెద్దదే.

భర్త పోయాక ఆ మిషనొక్కటీ వెంటబెట్టుకుని ఆమె అన్నగారింటికి వచ్చింది. "మనలో మనకి డబ్బులేమిటి తల్లీ!" అన్నాడు అన్న, గుమ్మంలోనే. చక్కటి మాట. తిండికి లెక్క లేదు, కుట్టుకీ లెక్క లేదు. కాకపోతే రెండోసారి కూర వడ్డించుకోబోతే వదిన చూపు గరిటెతోపాటు గిన్నెలోకి దిగేది. సబ్బు అరిగిపోతే అడగాలి. తలనొప్పి మాత్రకీ అడగాలి. ఎవరూ కాదనేవారు కాదు, "అయ్యో, అడగొచ్చుగా!" అనేవారు. ఆమె చేసేదీ అదేగా మరి! డబ్బు లేని బతుకులో దొరకని వస్తువంటూ లేదు. మొహం కాస్త చిన్నది చేసుకుని నిలబడడం చేతనైతే చాలు.

ఇదంతా నడిపించింది ఒకే ఒక్క మాట: ఊరికే. "అత్తయ్య ఊరికే కుట్టిపెడుతుంది" అంటే దయగల మనిషని. "ఊరికేగా కూర్చుంటుంది" అంటే పనీపాటా లేనిదని. "ఊరికే తిండి పెడుతున్నాం" అంటే ఆ సంగతి గుర్తుంచుకోమని. ఒక్క మాటకు మూడు అంచులు, మూడూ కోసేవే.

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు. అది సగం నిజమే. తాగి, రుచి బాగాలేదని గ్లాసు వెనక్కిస్తారు కూడా. బజారు దర్జీ దగ్గర కిక్కురుమనకుండా చొక్కా తీసుకునేవాళ్ళు ఇక్కడ కాలరు మూడుసార్లు విప్పించేవారు. దారం మాత్రం ఎవరూ తెచ్చేవారు కాదు. "నీ దగ్గరుంటుందిగా అత్తయ్యా!" ఉండేది. ఎలా ఉండేదంటే, వదిననడిగితే.

ఓ రోజు మిషను పెట్టెకు తాళంచెవి చేయించుకోవడానికి తాళాలాయన దుకాణానికి వెళ్ళినప్పుడు, పైన గది ఖాళీగా ఉందని తెలిసింది. ఎక్కి చూసింది. వీధి వైపు కిటికీ, మిషను పట్టేంత చోటు, లోపలినుంచి వేసుకునే గడియ. ఆ గడియను రెండుసార్లు వేసి తీసింది.

"అడ్వాన్సు ఇస్తే రేపే తాళం మీ చేతిలో పెడతానమ్మా" అన్నాడు తాళాలాయన. "ఒకటో తారీఖు దాకా ఆగుతా. ఆపైన నన్ననొద్దు."

ఆమె చేతిలో చిల్లిగవ్వ లేదు. అన్ననడిగితే ఇస్తాడేమో. కానీ అడిగి తీసుకున్న డబ్బుతో వచ్చే గది మెట్ల కింద గదే అవుతుంది, కాస్త ఎత్తులో ఉంటుందంతే.

అన్నగారు రిటైరైన లెక్చరరు. వారానికోసారి చర్చా సంఘం హాల్లో ఉపన్యాసమిచ్చేవాడు. ఆ వారం అంశం డబ్బు లేని సమాజం. కోటు గుండీ ఊడితే ఆదుకోవడానికి చెల్లెల్ని వెంట తీసుకెళ్ళాడు.

"కుటుంబాన్ని చూడండి!" అన్నాడు, ఆమె కుట్టిన కోటులోంచి చెయ్యెత్తి. "అక్కడ ఎవరు ఎవరికి బిల్లిస్తున్నారు? సమాజమంతా ఒక కుటుంబమైతే డబ్బుతో పనేముంది?"

హాలంతా చప్పట్లు. వెనక వరసలో కూర్చున్న ఆమెకు ఒళ్ళు మండింది. సమాజమంతా కుటుంబమైతే, ప్రపంచమంతా ఒకటే మెట్ల కింద గది.

సభ ముగిశాక సంఘం కార్యదర్శి అన్నగారికి గౌరవంగా ఓ కవరిచ్చాడు. డబ్బు లేని సమాజం ఇంకా రాలేదు కనక ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కార్యదర్శి చిరుగుల కర్టెన్లు చూపించి, కొత్తవి కుట్టించాలన్నాడు.

"దానికేం భాగ్యమండీ! మా చెల్లెలుందిగా, ఊరికే కుట్టిపెడుతుంది."

"ఊరికే కాదండీ" అంది ఆమె. ఒక్కో కర్టెనుకు ఎంతో చెప్పింది. "గుడ్డా దారం మీవి. సగం ముందివ్వాలి."

అన్నగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కార్యదర్శి మాత్రం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "హమ్మయ్య! ఊరికే అయితే ఎప్పుడిస్తారని అడగడానిక్కూడా మొహమాటమేనండీ. రసీదు ఇస్తారుగా?"

ఇంటికి చేరేలోపే అన్న అందుకున్నాడు. "నా పరువు తీశావు. డబ్బు మొహం చూడగానే మారిపోయావు."

"ఇంకా చూడలేదన్నయ్యా. రేపిస్తామన్నారు."

ఆ మాటలు గుమ్మంలో ఉన్న వదిన చెవిన పడ్డాయి. "ఏం లోటు చేశామమ్మా నీకు? ఇన్నేళ్ళు ఊరికే తిండి పెట్టామే!"

"నేనూ ఊరికే కుట్టాను వదినా. రెండూ ఊరికే అయితే చెల్లుకు చెల్లు. ఒకటే ఊరికే అయితే, అది ఏదో నువ్వే చెప్పు."

వదిన అరిచింది. అలాంటివాటికి జవాబుండదు, అరుపే ఉంటుంది. అరిచింది. ఆమె అది వింటూనే మిషను మీద గుడ్డ కప్పింది.

కర్టెన్లకు ముందిచ్చిన డబ్బు గది అడ్వాన్సయింది, ఒకటో తారీఖు రాకముందే మిషను తాళాల దుకాణం పైకెక్కింది. వీధంతా అత్తయ్యకు గర్వం తలకెక్కిందని తేల్చేసింది. ఊరికే కుట్టించుకునేవాళ్ళు రావడం మానేశారు. ఆమె గోడ మీద సుద్దతో రేట్లు రాసింది. పక్క వీధులవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వచ్చి, ఇచ్చి, తీసుకుని పోయేవారు. ఒక్కరూ ఆమెను బంగారుతల్లి అనలేదు. ప్రాణానికి ఎంత హాయో!

కొన్నాళ్ళకు మేనకోడలు వచ్చింది. చేతిలో సంచీ.

"ఊరికే చూసిపోదామని వచ్చానత్తయ్యా."

"చూడ్డానికైతే కూర్చోవే. సంచీలో గౌనుంటే రేటు గోడ మీదుంది."

పిల్ల మూతి ముడిచింది. "అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని అమ్మ ఊరికే అనలేదు."

"మీ అమ్మ ఏదీ ఊరికే అనదు. ఇక్కడ అందరికీ ఒకటే కంచం. నడుం దగ్గర పట్టాలా, వదలాలా?"

పిల్ల గోడ మీది రేటు చదువుకుంది. సంచీలోంచి గౌను తీసి పరిచి, డబ్బిచ్చి, మిగిలిన చిల్లర కోసం చెయ్యి చాపింది. అత్తయ్య ఇచ్చింది. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ రుణపడలేదు, నవ్వుకోనూ లేదు. పిల్ల మెట్లు దిగాక ఆమె లేచి గడియ వేసుకుంది.