బాపు తుపాకీ విప్పే ఆదివారాలు

మా బాపు మిలిటరీలో రిటైరైనప్పటి నుంచి మేడ్చల్‌లో ఒక బ్యాంకు ముందు రైఫిల్ పట్టుకొని కూర్చుంటున్నాడు. ఇన్నేళ్ళలో ఆ రైఫిల్‌కు ఎదురైన శత్రువు ఒక్కటే: నెత్తిమీది ఏసీ నుంచి కారే నీళ్ళు. అందుకే ప్రతి ఆదివారం గుండ్లపోచంపల్లిలో మా ఇంటి ముందర్రూంలో దానికి నూనె స్నానం. నాకు అంత శ్రద్ధగా ఎవరూ తల అంటలేదు.

పద్ధతి మారేది కాదు. తూటాలు లోపలి గదిలో, బీరువాలో, తాళంచెవి అమ్మ దగ్గర. గొట్టం మనుషులు లేని గోడవైపు. ముందు తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసి, గొట్టాన్ని వెనక మూసే బోల్టు లాగి, తూటా కూర్చునే చోటును కళ్ళతో చూసి, చిటికెనవేలుతో తడిమేవాడు. ఖాళీ అని తేలాకే బోల్టు బయటికి. తర్వాత తాడు చివర గుడ్డపేలిక పెట్టి గొట్టంలోంచి లాగేవాడు. ఆఖరున గొట్టం మూతి ఎదురుగా గోడకు తెల్ల కాయితం ఆనించి, వెనక నుంచి బాపు, అమ్మ, నేను వంతులవారీగా చూడాలి. లోపల గుండ్రంగా వెలుతురు కనబడాలి. ముగ్గురం "సాఫ్" అంటేనే బోల్టు మళ్ళీ లోపలికి.

అమ్మ వంటింట్లోంచే ఓటు వేసేది. "లేచి రా. ఆడ్నుంచే అంటే చెల్లది," అనేవాడు బాపు.

నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం బాపు చూసి "సాఫ్" అన్నాడు. అమ్మ గరిటెతో వచ్చి, వంగినట్టు చేసి, "సాఫ్" అని పప్పు దగ్గరికి పరుగెత్తింది. నేను చూస్తే అంతా నలుపు.

"బాపూ, లోపల కరెంటు పోయింది."

"నీ యేషాలు బంజేసి మంచిగ సూడు బిడ్డా."

మళ్ళీ చూశాను. తర్వాత తాడు చూశాను. చివర పేలిక లేదు. జారి గొట్టంలోనే ఇరుక్కుంది. అట్లాగే పేలిస్తే గొట్టం పగిలేది బాపు చెంప పక్కనే. నన్ను ఇంకా భయపెట్టింది వేరే: అంత చీకట్లోకి చూసి ఆయన సాఫ్ అన్నాడు.

"గుడ్డ లోపల్నే ఉన్నది బాపూ."

ఆయన చాలాసేపు వంగి చూశాడు. "నాకు రోజూ గిట్లనే కనవడ్తాంది," అన్నాడు మెల్లగా. "అంత మబ్బు మబ్బు."

అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. "మరి గిన్ని దినాలు సాఫ్ అని ఎట్లంటున్నవయ్యా?"

"నువ్వన్నట్టే."

అమ్మ గరిటెను కొంగు చాటుకు దాచింది. మా ఇంట్లో అమ్మ ఓడడమే పెద్ద వార్త. ఇంకో రోజైతే నేను పండగ చేసుకునేదాన్ని. కానీ బాపు తాడును వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. దవాఖానకు పోతే మోతిబిందు, కంట్ల పొర, అంటరు, బ్యాంకుల తెలిస్తే కొలువు పోతది, గీ వయసుల ఇంకేం పని జేస్త, అన్నాడు.

"కంట్ల గూడ పేలికే ఇరికింది బాపూ. తుపాకినే పారేస్తవా, పేలిక తీస్తవా?"

బాపు నవ్వలేదు. నేను పట్టిన టార్చి వెలుగులో, సన్నటి కడ్డీతో పేలికను వెనక నుంచి ముందుకు నెట్టేశాడు. అమ్మ, నేను మళ్ళీ చూశాం. ఈసారి అమ్మ రెండు కళ్ళూ మార్చి మార్చి చూసింది. బోల్టును కళ్ళు మూసుకొనే ఎక్కించాడు. చేతులకు మబ్బు లేదు.

"రేపు డ్యూటీకి పోను," అన్నాడు. "కనవడకుంట తుపాకి పట్టుడు తప్పు."

తెల్లారి రైఫిల్‌ను పోలీస్ స్టేషన్‌లో జమ చేసి, రసీదు జేబులో పెట్టుకొని, నా స్కూటీ వెనక కూర్చున్నాడు. శామీర్‌పేట కంటి దవాఖానకు పోయాం. కొలువు ఉంటుందో లేదో ఇద్దరికీ తెలియదు. కంటి డాక్టర్ గోడమీది అక్షరాలు చదవమంది. బాపు వెన్ను నిటారుగా పెట్టి, నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"కనవడ్తలేదు మేడం," అన్నాడు. "పైన పెద్దదిగూడ."