అబలక్ గుర్రం, అచ్చయిన తప్పు

గుర్రాల రంగుల పేర్లన్నీ చెప్పిన అప్పలస్వామి పేరును, వాటి మీద తను రాసే పుస్తకం మొదటి పేజీలోనే వేస్తానని పదిహేనేళ్ల కిందట నా లెక్చరర్ మిత్రుడు వెంకటాచలం మాటిచ్చాడు. వాళ్లిద్దరినీ కలిపింది నేనే. పుస్తకం వచ్చింది. ఆ పేరు ఎక్కడా లేదు.

ఈ సాయంత్రం బీచ్‌లో అప్పలస్వామి తన మచ్చల గుర్రం మీద పిల్లల్ని తిప్పుతున్నాడు. సీతమ్మధార నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మనవరాలికి దాన్ని చూపించి, ‘పంచకల్యాణి’ అన్నాడు.

“పంచకల్యాణేటి బాబూ? నాలుగు కాళ్లూ, మొకమూ తెల్లగుంటే అదీ. ఒంటినిండా ఇలా మచ్చలుంటే అబలక్ అంతాం” అన్నాడు అప్పలస్వామి.

“పుస్తకంలో చదివానయ్యా! గుర్రం తోలుకునేవాడివి, నువ్వా నాకు చెప్పేది?”

ఏ పుస్తకమో నాకు తెలుసు. “అందులోని మాటలన్నీ ఇతను చెప్పినవేనండీ” అన్నాను. ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు.

“అప్పుడు నాను తప్పు సెప్పీసానేటి బాబూ?” అని అప్పలస్వామి నన్నడిగాడు.

పుట్టినప్పటి నుంచీ గుర్రాలతో బతికినవాడికి ఇవాళ తన మాట మీదే అనుమానం వచ్చింది. అచ్చులో ఉంటే చాలు, మీరూ నమ్మేస్తారా? చెప్పండి. పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. విన్నది తప్పుగా రాసి, చెప్పినవాణ్ణి చెరిపేసినవాడు వెంకటాచలం.